గట్టు మీద నిలబడ్డవాళ్ళ ప్రశ్నలతో పురావస్తు ఫీల్డ్ స్కూల్ నడపడం ఎలా

తవ్వకం జరుగుతున్న చోటికి చూడ్డానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: "లంకెబిందెలేమైనా తగిలాయా?" లేవని చెబితే కాస్త నిరాశపడి, ఓ నిమిషం ఆగి రెండో ప్రశ్న వేస్తారు. వీళ్ళకి నీళ్ళెక్కడివి? ఏం పండించేవాళ్ళు? ఇంత ఊరు కట్టుకుని ఎందుకు వదిలేసి పోయారు? మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు గానీ రెండోదాన్ని వదలకండి, ఎందుకంటే సుస్థిరత మీద, అంటే నేలా నీళ్ళూ తరిగిపోకుండా జనం ఎంతకాలం బతకగలరన్నదాని మీద, పనిచేసే పరిశోధకులు నలభై పేజీల ప్రతిపాదనలో అడిగేది కూడా సరిగ్గా అదే.

విద్యార్థులకి తవ్వకం చోటే పని నేర్పే శిబిరాల్ని ఫీల్డ్ స్కూళ్ళు అంటారు. చాలా ఫీల్డ్ స్కూళ్ళలో తవ్వకాన్నీ ఈ ప్రశ్నల్నీ విడదీసేస్తారు. నాలుగైదు వారాలు తవ్వకం నేర్పిస్తారు, జనం కోసం ఆఖరి శనివారం ఒక సందర్శన దినం పెడతారు, సుస్థిరత గురించి ఒక సాయంత్రం ఎవరో వచ్చి స్లైడ్లు వేసి వెళ్ళిపోతారు. విద్యార్థికి తవ్వడం వస్తుంది, చెప్పడం రాదు. నేను చెప్పబోయే పద్ధతిలో అన్నిటికీ ఇరుసు జనం అడిగినవన్నీ రాసుకునే ఒక నోట్‌బుక్, దాని పేరు ప్రశ్నల పుస్తకం. ఫీల్డ్ స్కూల్ నడిపేవాళ్ళని ఉద్దేశించి రాస్తున్నాను, చేరదామనుకునే విద్యార్థులైతే ఇందులో ఏవి ఉన్నాయో ఏవి లేవో ముందే అడిగి తెలుసుకోవచ్చు.

1. ముందు ప్రశ్న, తర్వాత పలుగు

"ఎక్కడ తవ్వుదాం?" దగ్గర మొదలుపెడితే అది వస్తువుల వేటలాగే ముగుస్తుంది. ఏం తెలుసుకోవాలో ఒక్క వాక్యంలో రాసుకోండి, అదీ పురావస్తు శాస్త్రం ముక్క కూడా చదవనివాళ్ళకి అర్థమయ్యేలా. "వరసగా కరువులొచ్చినప్పుడు ఈ ఊరివాళ్ళు పంట మార్చారా, ఊరే మార్చారా?" అలాంటిది. ప్రశ్న కుదిరిందంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది: గింజలు కావాలి, తేదీ కట్టడానికి మాడిన గింజో బొగ్గో కావాలి, చెరువు అడుగు మట్టిలో పుప్పొడి కావాలి, అవన్నీ చూడగల మనుషులు కావాలి.

ఒక జాగ్రత్త. సుస్థిరత అనగానే "వాళ్ళు ప్రకృతిని పాడుచేశారు, కూలిపోయారు" అనే కథ చేతికి సిద్ధంగా దొరుకుతుంది. అమెరికా నైరుతిలో మేసా వెర్డే ప్రాంతాన్ని తీసుకోండి. 13వ శతాబ్దం చివరికల్లా జనం అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు, చెట్ల వలయాలు చూస్తే 1276 నుంచి 1299 దాకా పెద్ద కరువు. రెండూ పక్కపక్కన పెట్టేసరికి కథ తేలిపోయినట్టే ఉంటుంది. కానీ నేలల సారాన్నీ తేమనీ కలిపి లెక్కగట్టినవాళ్ళు ఆ కరువులో కూడా కొంతమందికి సరిపడా మొక్కజొన్న పండేదని చూపించారు. ఊళ్ళ మీద దాడులు జరిగిన ఆనవాళ్ళూ ఉన్నాయి. పైగా వెళ్ళిపోయినవాళ్ళేమీ మాయమైపోలేదు, వాళ్ళ వారసులైన ప్యూబ్లో ప్రజలు ఇవాళ్టికీ ఉన్నారు, ఆ కథలో వాళ్ళ మాట కూడా చెల్లాలి. అందుకే మా బ్యాచ్‌లకి మొదటి రోజే ఒక నియమం పెడతాను: "అంతరించిపోయారు" అన్న మాట ఎవరూ వాడకూడదు. "ఇక్కణ్ణుంచి వెళ్ళారు" అనండి, ఎక్కడికి అన్నది తర్వాత చూద్దాం.

2. విద్యార్థులు దిగకముందే ఊరితో మాట్లాడండి

అనుమతి కాగితాలు అందరికీ తెలిసినవే. నేలమీద బతుకుతున్నవాళ్ళ అనుమతి వేరే సంగతి. తవ్వకానికి ముందు కనీసం రెండుసార్లు వెళ్ళి కూర్చుని, మీరు చెప్పడం కంటే వినడం ఎక్కువ చేయండి. ఏ గుంట దగ్గరికి వెళ్ళకూడదు, ఏ దారి మూయకూడదు, మనిషి ఎముకలు బయటపడితే ఎవరికి కబురు పెట్టాలి, ఇవి ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఎముక కనిపించాక చర్చ మొదలెడితే ఆలస్యమైపోయినట్టే. వాళ్ళు అడిగిన ప్రశ్నలే మీ ప్రశ్నల పుస్తకంలో మొదటి పేజీ.

3. మొదటి వారం చేతి పని

దీన్ని నేను సాగదీయను, ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. తాపీ పట్టుకుని పలచగా గీరడం, పొర మారినప్పుడు రంగూ గట్టిదనమూ గమనించడం, మన్సెల్ రంగుల పుస్తకంతో మట్టిని పోల్చి నెంబరు రాయడం, ట్రెంచ్ (తవ్విన గుంట) గోడ బొమ్మ గీయడం, సంచీ లోపలా బయటా లేబుల్ పెట్టడం. ఏ పొర ఏ పొర కంటే ముందుదో చూపించే హారిస్ మాట్రిక్స్ (1973లో ఎడ్వర్డ్ హారిస్ తయారుచేసిన పద్ధతి) మొదటి వారంలోనే చేతితో గీయించండి, సాఫ్ట్‌వేర్ తర్వాత. ఎందుకంటే ఆ బొమ్మని పక్కవాడికి నోటితో వివరించగలిగిన విద్యార్థే రేపు గట్టు మీద నిలబడ్డవాళ్ళకీ చెప్పగలడు.

మొదటి వారంలో ఇంకోటి. సాయంత్రం పని ముగిశాక ప్రతి ఒక్కరూ ఆ రోజు తాము చేసినదాన్ని రెండు నిమిషాల్లో పక్క ట్రెంచ్‌వాళ్ళకి చెప్పాలి, నోట్స్ చూడకుండా. నాలుగో రోజుకి తడబాటు పోతుంది, టెన్షన్ కూడా.

4. బకెట్ మట్టిలో ఏముంటుంది

సుస్థిరత ప్రశ్నకి జవాబు అందమైన కుండలో ఉండదు, మామూలు మట్టిలో ఉంటుంది. అందుకే నమూనాలు తీయడాన్ని సహాయక పనిలా కాకుండా అసలు పాఠంలా నేర్పించండి.

పొయ్యి లాంటి చోట, గాదె గుంతలో, చెత్త పోసిన గోతిలో, ఒక్కో పొర నుంచి పది లీటర్ల మట్టి తీయండి. ఎంత తీశారో లీటర్లలో రాయడం మరిచిపోతే ఆ తర్వాత లెక్కపెట్టిన గింజలన్నీ వృథా, రెండు పొరల్ని పోల్చలేరు. డ్రమ్ములో నీళ్ళు నింపి, మట్టిని మెల్లగా వదిలి, అడుగు నుంచి చేత్తో కలపండి. ఇప్పుడు వంగి చూడమనండి. బురద నీళ్ళ మీద నల్లటి నలుసులు ఒక్కొక్కటే పైకి వస్తాయి. వేల ఏళ్ళ కిందట ఎవరి పొయ్యిలోనో మాడి బొగ్గైపోయిన గింజలవి. మాడడం వల్లే కుళ్ళకుండా మిగిలాయి. ఆ తేటని పావు మిల్లీమీటరు కన్నాలున్న గుడ్డలోకి వంచండి, అడుగున మిగిలిన బరువైన ముక్కల్ని ఒక మిల్లీమీటరు జల్లెడలో కడగండి. చేప ముళ్ళు, చిన్న ఎముకలు, పూసలు అందులో ఉంటాయి.

ఆరబెట్టడం నీడలోనే. ఒక బ్యాచ్‌లో తొందరపడి గుడ్డ మూటల్ని ఎండలో తీగకి కట్టేశాం, సాయంత్రానికి విప్పి చూస్తే గింజలు పగిలి నలుసులుగా రాలాయి. తప్పు నాదే, ఆ రోజు ముందే చెప్పలేదు. అప్పట్నుంచి ఆ మూటని పారేయకుండా దాచి ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తున్నాను.

మీ డ్రమ్ము సరిగ్గా పనిచేస్తోందా లేదా తెలుసుకునే చిట్కా ఉంది. ఆ ప్రాంతంలో పూర్వం లేని గింజల్ని, సాధారణంగా గసగసాల్ని, వేయించి బొగ్గులా మార్చి సరిగ్గా 100 లెక్కపెట్టి మట్టిలో కలపండి. చివర్లో ఎన్ని తిరిగొచ్చాయో చూడండి. 90 వస్తే బాగుంది. 40 వస్తే మీరు "ఈ పొరలో చిరు గింజలు లేవు" అని చెప్పే హక్కు మీకు లేదు. విద్యార్థులకి విజ్ఞాన శాస్త్రంలో నిజాయితీ అంటే ఏమిటో దీనికంటే బాగా నేర్పే పాఠం నాకు ఇంతవరకూ దొరకలేదు.

తేదీ కోసం పంపే నమూనా గురించీ ఒక మాట. దూలం బొగ్గు పంపితే ఆ చెట్టు లోపలి వలయం ఎప్పటిదో తెలుస్తుంది, అది కొట్టి పొయ్యిలో పెట్టేనాటికే రెండు వందల ఏళ్ళ వయసుండొచ్చు. గింజ అలా కాదు, ఒక్క పంటకాలానిది. కరువు ముందా తర్వాతా అని తేల్చాల్సిన చోట రెండు వందల ఏళ్ళ తేడా అంటే జవాబే తలకిందులవుతుంది. కాబట్టి గింజే పంపండి.

5. గట్టు డ్యూటీ

ఇక్కడే అసలు మార్పు. రోజూ ఇద్దరు విద్యార్థులు వంతులవారీగా గట్టు మీద ఉండాలి, వాళ్ళ పని తవ్వడం కాదు, వచ్చినవాళ్ళతో మాట్లాడడం. "మాకు తవ్వే టైమ్ పోతోంది" అని మొదట్లో గొణుగుతారు. గొణగనీయండి.

జనాన్ని తవ్వకం చూడనివ్వడం కొత్తదేమీ కాదు. 1934 నుంచి 1937 దాకా ఇంగ్లండ్‌లోని మెయిడెన్ కాజిల్ కొండకోటలో తవ్విన మార్టిమర్ వీలర్ సందర్శకుల్ని పిలిచి మరీ చూపించేవారు, పోస్టుకార్డులు అమ్మించేవారు, ఆఖరికి అక్కడ కుప్పలుగా దొరికిన వడిసెల రాళ్ళని కూడా కొన్ని అమ్మించారు. ఆ రాళ్ళ అమ్మకం ఇవాళ చేస్తే ఉద్యోగం పోతుంది, అది వేరే విషయం. జనం డబ్బుతో జరిగే పనిని జనానికి చెప్పాలన్న పట్టుదల మాత్రం నేర్చుకోదగ్గది. అదే వీలర్ 1944లో తక్షశిలలో విద్యార్థులకి తవ్వకం నేర్పే శిక్షణ శిబిరం నడిపారు.

గట్టు మీద ఏం చెప్పాలి? కంఠస్థం చేసిన ప్రసంగం వద్దు. మూడు సంగతులు చాలు: మీ కాళ్ళ ముందు కనిపిస్తున్నది ఏమిటి, అది మాకెలా తెలుసు, ఇంకా తేలనిది ఏమిటి. మూడోది చెప్పడానికి విద్యార్థులు సిగ్గుపడతారు. దాన్ని దాస్తే వినేవాళ్ళకి పసిగట్టడం ఎంతసేపు! ఒకసారి ఒక పెద్దాయన గోడలో నల్లటి గీత చూసి, "ఇది ఊరు తగలబడ్డ గుర్తా అమ్మా?" అని అడిగారు. డ్యూటీలో ఉన్న మా విద్యార్థిని "అవునండీ" అనేయబోయి ఆగి, "పొయ్యి బూడిద తెచ్చి ఇక్కడ పోసి ఉండొచ్చండీ, తగలబడి ఉంటే మట్టి గోడలు కూడా ఎర్రగా కాలాలి, అవి ఇంకా కనబడలేదు" అంది. ఆయన వంగి, గీత కింద మట్టిని ఓ నిమిషం చూసి, "అయితే కింద ఎర్ర మట్టి వస్తుందేమో రేపు చూడు" అన్నారు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత వారం రోజులూ వచ్చారు.

ఆ ఇద్దరి చేతిలోనూ ప్రశ్నల పుస్తకం ఉంటుంది. ఎంతమంది వచ్చారన్న లెక్క కంటే ఏం అడిగారన్నది ముఖ్యం. వాళ్ళ మాటల్లోనే రాయాలి, మీ భాషలోకి మార్చకూడదు. "ఎండాకాలం పశువులకి నీళ్ళెక్కడ?" అని అడిగితే అలాగే రాయండి, "నీటి వనరుల నిర్వహణ" అని కాదు. వారానికోసారి అందరూ కూర్చుని ఆ ప్రశ్నల్ని నమూనాల జాబితా పక్కన పెట్టి చూడండి. దేనికి మన దగ్గర జవాబిచ్చే నమూనా ఉంది? దేనికి లేదు, తీయగలమా? మేము పశువుల నీళ్ళ ప్రశ్న వల్లే ట్రెంచ్ వదిలి పక్కనున్న పల్లంలో మట్టి పొరలు చూడ్డానికి వెళ్ళాం. మా అసలు ప్రణాళికలో ఆ పల్లం లేనే లేదు.

6. పిల్లలొస్తే ఇసుక గుంట వద్దు

ఇసుకలో బొమ్మలు పాతిపెట్టి తవ్వించడం అంతటా ఉంది, నాకు అస్సలు నచ్చదు. లంకెబిందెల వేటనే ఇంకో రకంగా నేర్పుతుంది. బదులుగా ఒక చెత్తబుట్ట తెచ్చి, పైనుంచి కిందికి ఒక్కో వస్తువూ తీస్తూ ఏది ముందు పడిందో చెప్పమనండి. పది నిమిషాల్లో పొరల సూత్రం ఎక్కేస్తుంది. ఆ ఇంట్లో ఎంతమంది, ఏం తింటారు, ఏం పారేస్తారు అని అడగండి, సుస్థిరత కూడా వచ్చేస్తుంది.

ఇది పిల్లలాటేమీ కాదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే 1973లో మొదలుపెట్టిన చెత్త ప్రాజెక్టు సరిగ్గా ఇదే చేసింది. విద్యార్థులు ఇళ్ళ చెత్తని వేరుచేసి లెక్కపెట్టారు. ఎంత బీరు తాగుతామని జనం సర్వేలో చెప్పారో, బుట్టలో ఎన్ని ఖాళీ డబ్బాలు దొరికాయో పోలిస్తే ఎక్కడా పొంతన లేదు. తర్వాత చెత్త దిబ్బల్నే తవ్వితే, మట్టిలో కలిసిపోతుందనుకున్న కాగితం దశాబ్దాల తర్వాత కూడా చదవగలిగేలా ఉంది. గాలీ తేమా అందకపోతే ఏదీ కుళ్ళదు మరి. మీ విద్యార్థులకి శిబిరం చెత్త మీదే ఈ పని ఇవ్వండి, వాళ్ళు తింటామని చెప్పినదానికీ బుట్టలో ఉన్నదానికీ తేడా చూసి వాళ్ళే నవ్వుకుంటారు.

7. ఫోన్లు

కాపలా లేని స్థలం కచ్చితమైన చోటు ఎప్పుడూ బయటపెట్టకూడదు, దొంగ తవ్వకాలకి దారి చూపినట్టే. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేయించండి. మనిషి ఎముకల ఫొటోలు పోస్టు చేయొద్దు. ఆ రోజు దొరికింది ఆ రోజే పెట్టొద్దు. ఊరివాళ్ళు ఫొటోలో ఉంటే అడిగి పెట్టండి.

8. పాత పద్ధతిని మళ్ళీ చేసి చూడండి, కానీ అమ్మకండి

గింజలు దొరికాయి, కాలువ ఆనవాళ్ళు దొరికాయి. "ఇంత పొలం ఇంతమందికి సరిపోయేదా?" అన్నది చేసి చూస్తే గానీ తెలియదు. కొలరాడోలో 1983లో మొదలైన క్రో కేనియన్ పురావస్తు కేంద్రం బడిపిల్లల్నీ మామూలు జనాన్నీ తవ్వకంలో చేర్చుకుంటుంది. ఆ సంస్థ 2008 నుంచి ప్యూబ్లో ప్రజల్లోని హోపీ తెగ రైతులతో కలిసి మేసా వెర్డే ప్రాంతంలోనే, నీళ్ళు పెట్టకుండా, వానమీదే ఆధారపడి మొక్కజొన్న వేసి దిగుబడి కొలుస్తోంది. అక్కడ పాఠం చెప్పేది రైతు, నోట్సు రాసుకునేది పురావస్తు శాస్త్రవేత్త. గింజ ఎంత లోతున వేయాలి, ఎంత దూరాన వేయాలి అన్నవి తవ్వకంలో దొరకవు. మీ ఫీల్డ్ స్కూల్లో కూడా వారానికి ఒక పూట దగ్గర్లో సేద్యం చేసేవాళ్ళ వెంట విద్యార్థుల్ని పంపండి. ఉత్తి చేతులతో కాదు, కలుపు తీయడానికి.

రెండో వైపు కూడా చెప్పాలి. పెరూలో టిటికాకా సరస్సు పక్కన, సుమారు 3,800 మీటర్ల ఎత్తులో, పూర్వం ఎత్తు మళ్ళూ మధ్యలో కాలువలూ ఉండేవి. పగలు వేడెక్కిన కాలువ నీళ్ళు రాత్రి మంచుదెబ్బ నుంచి పంటని కాస్త కాచేవి. 1980ల్లో క్లార్క్ ఎరిక్సన్ అక్కడి రైతులతో కలిసి కొన్ని మళ్ళని తిరిగి కట్టి బంగాళాదుంపలు వేస్తే పంట బాగా వచ్చింది. అది చూసి అభివృద్ధి సంస్థలు ముందుకొచ్చి, రైతులకి డబ్బో విత్తనాలో ఇచ్చి పెద్ద ఎత్తున కట్టించాయి. ఆ సాయం ఆగాక ఆ మళ్ళలో చాలా భాగం మళ్ళీ బీడుపడ్డాయి. పద్ధతి తప్పని కాదు. అంత మట్టి పని చేయడానికి చేతులు కావాలి, భూమి ఎవరిదన్నది తేలాలి, వేరే కూలి పని దొరికినవాడు కాలువలో పూడిక ఎందుకు తీస్తాడు? గట్టు మీద "పూర్వీకుల దగ్గర అన్నిటికీ పరిష్కారం ఉంది" అనే విద్యార్థికి ఈ కథ తప్పకుండా చెప్పండి.

9. శిబిరం సంగతి

నీళ్ళ డ్రమ్ములో వాడిన నీటిని రెండో డ్రమ్ములో తేరనిచ్చి మళ్ళీ వాడుకోవచ్చు, గుడ్డలు మాత్రం నమూనాకీ నమూనాకీ మధ్య బాగా కడగాలి, లేకపోతే ఒక పొర గింజ ఇంకో పొరలో తేలుతుంది. పెంకులన్నీ పోగుచేసుకోవాలన్న ఆత్రం వద్దు. ప్రతి పెట్టెకీ ఎక్కడో ఒక బీరువాలో శాశ్వతంగా చోటు కావాలి, ఆ చోటు ముందే ఖాయం చేసుకుని అంతే తవ్వండి. ట్రెంచ్ ఒకటిన్నర మీటరు లోతు దాటుతుంటే గోడకి ఆపు పెట్టండి, లేదా మెట్లుగా కోయండి.

మనుషుల భద్రత అంతకంటే ముఖ్యం. ఫీల్డ్‌లో పనిచేసే పరిశోధకుల మీద 2014లో వచ్చిన ఒక సర్వేలో, జవాబిచ్చిన 666 మందిలో 64 శాతం తమకి లైంగిక వేధింపు మాటలు ఎదురయ్యాయన్నారు. బాధితుల్లో ఎక్కువమంది అప్పటికి విద్యార్థులో, ఇంకా శిక్షణలో ఉన్నవాళ్ళో. కాబట్టి ప్రవర్తనా నియమాలు మొదటి రోజు చదివి వినిపించండి, ఫిర్యాదు తీసుకునే మనిషి డైరెక్టర్ కాకుండా వేరొకరై ఉండాలి, శిబిరం బయట కూడా ఒకరుండాలి, ఫోన్ సిగ్నల్ అందే చోటు ఎక్కడో అందరికీ తెలియాలి. గట్టు డ్యూటీలో ఎవర్నీ ఒంటరిగా నిలబెట్టకపోవడానికి కారణం కూడా ఇదే.

10. మార్కులు

మార్కుల్లేని పని ఎవరూ చేయరు, కాబట్టి గట్టు డ్యూటీకి, ప్రశ్నల పుస్తకానికి కలిపి కనీసం మూడో వంతు మార్కులు పెట్టండి. పరీక్ష సులువు. ఫీల్డ్ స్కూల్‌తో సంబంధం లేని ఒకరిని విద్యార్థి దగ్గర కూర్చోబెట్టండి, పది నిమిషాలు. బయటికొచ్చాక ఆ మనిషి ఏం అర్థమైందో మీకు చెప్పాలి. విద్యార్థి ఎంత బాగా మాట్లాడాడన్నదానికి కాకుండా ఆ మనిషి ఏం చెప్పాడన్నదానికి మార్కులు వేయండి.

11. పూడ్చి వెళ్ళిపోయాక

ట్రెంచ్ అడుగున గుడ్డ పరిచి, తీసిన మట్టితోనే పూడ్చాలి. రేపు ఎవరైనా తవ్వితే మీరెక్కడ ఆగారో ఆ గుడ్డే చెబుతుంది. వెళ్ళేముందు స్థానిక భాషలో ఒకే ఒక్క పేజీ రాసి ఇవ్వండి: ఏం చూశాం, ఏం తీసుకెళ్తున్నాం, అది ఎక్కడ ఉంటుంది, జవాబు ఎప్పటికి వస్తుంది.

చిక్కల్లా ఆ ఆఖరి మాట దగ్గరే. గింజలు గుర్తుపట్టి, తేదీలు వచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది, విద్యార్థులు ఎవరి దారిన వాళ్ళు పోయి ఉంటారు. అందుకే చివరి రోజు ప్రశ్నల పుస్తకం ముందేసుకుని, ఒక్కో విద్యార్థికి ఒక్కో ప్రశ్న పంచుతాను. ఫలితం రాగానే అది అడిగిన మనిషికి ఉత్తరం రాయాల్సిన బాధ్యత ఆ విద్యార్థిది. నల్ల గీత గురించి అడిగిన పెద్దాయనకి మా అమ్మాయి పద్నాలుగు నెలల తర్వాత రాసింది. ఎర్ర మట్టి రాలేదని, అది పొయ్యిల బూడిదేనని, అందులో చిరుధాన్యాల పొట్టు దొరికిందని. ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది, రెండే వాక్యాలు. పొట్టు దొరికితే దంచింది కూడా అక్కడే అయి ఉంటుందట, రోళ్ళ కోసం పడమటి వైపు చూడమన్నారు.